మన దేశంలో మొబైల్ గేమ్స్ పరిశ్రమ: తరచుగా అడిగే ప్రశ్నలు

స్మార్ట్‌ఫోన్లకు ముందు, బటన్లు నొక్కే జావా ఫోన్ల కాలంలో హైదరాబాద్‌లోని ఒక స్టూడియోలో టెస్టర్‌గా చేరాను. అప్పటి నుంచి ఏ పెళ్లికి వెళ్లినా, ఏ కాలేజీకి వెళ్లినా ఇవే ప్రశ్నలు. కొన్ని పిల్లలవి, కొన్ని వాళ్ల అమ్మానాన్నలవి, కొన్ని ఈ రంగంలో డబ్బు పెట్టాలనుకునే వాళ్లవి. అన్నిటికీ ఒకచోట జవాబు రాసి పెడుతున్నాను.

మొబైల్ గేమ్స్ పరిశ్రమ అంటే ఏమేమి వస్తాయి?

జనం మూడు వేర్వేరు వ్యాపారాలను ఒకే మాటతో పిలుస్తారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. మొదటిది ఉచితంగా ఇచ్చి, యాడ్ల మీదా లోపల అమ్మే వస్తువుల మీదా బతికే మామూలు గేమ్స్. రెండోది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే రమ్మీ, పోకర్, ఫాంటసీ క్రికెట్ లాంటివి. మూడోది టోర్నమెంట్లు, స్ట్రీమింగ్, టీమ్‌లతో నడిచే ఈ-స్పోర్ట్స్. పేపర్లో 'గేమింగ్ రంగంలోకి వేల కోట్లు' అని కనిపించినప్పుడల్లా ఏ గేమింగో చూసుకోండి. చాలా ఏళ్లపాటు అందులో సింహభాగం రెండోదే.

ఎప్పుడు మొదలైంది? స్నేక్ గేమ్ మన వాళ్లు చేసిందేనా?

కాదు. స్నేక్ ఫిన్లాండ్‌ది, 1997లో నోకియా 6110తో వచ్చింది. మన దగ్గర మొదటి పేర్లు ఇండియాగేమ్స్, నజారా. విశాల్ గోండాల్ ముంబైలో 1999లో ఇండియాగేమ్స్ పెట్టారు. ఆ కంపెనీ మొదట చైనాకు చెందిన టామ్ ఆన్‌లైన్ చేతికి, తర్వాత యూటీవీకి, 2011లో డిస్నీకి వెళ్లింది. నితీష్ మిట్టర్‌సైన్ మొదలుపెట్టిన నజారా మాత్రం అన్ని కాలాలూ తట్టుకుని 2021 మార్చిలో స్టాక్ మార్కెట్‌కి వచ్చింది. మన దేశంలో లిస్ట్ అయిన మొదటి గేమింగ్ కంపెనీ అదే.

బెంగళూరులో 1997లోనే రాజేష్ రావు మొదలుపెట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ కూడా ఉంది. కానీ అది ఎక్కువగా విదేశీ పెద్ద గేమ్స్‌కి బొమ్మలు చేసిపెట్టే కంపెనీగా పేరు తెచ్చుకుంది. దాన్ని 2019లో అమెరికా గేమ్ కంపెనీ రాక్‌స్టార్ కొనేసింది.

స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లో గేమ్ ఎలా అమ్మేవాళ్లు?

ఈ ప్రశ్న ఎవరూ పెద్దగా అడగరు, కానీ నాకు ఇష్టమైనది ఇదే.

ఎయిర్‌టెల్, హచ్ లాంటి ఆపరేటర్ల పోర్టల్‌లో గేమ్ పెట్టేవాళ్లు. మీరు నొక్కితే డబ్బు ప్రీపెయిడ్ బ్యాలెన్స్‌లోంచి కట్ అయ్యేది. వచ్చినదాంట్లో పెద్ద వాటా ఆపరేటర్‌దే. మిగిలింది మధ్యవర్తికి పోయి, ఆ తర్వాత గేమ్ చేసినవాడికి. నేను పనిచేసిన చోట ఒక ఆపరేటర్ నుంచి లెక్కల కాగితం ఆరు నెలలు ఆలస్యంగా వచ్చేది. అందులో అంకె తప్పని అనిపించినా అడిగే దిక్కు లేదు.

ఇక పని సంగతి. నోకియా సిరీస్ 40 పాత ఫోన్లలో గేమ్ మొత్తం 64 కేబీలో ఇమడాలి. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫొటో అంతకంటే పెద్దది. ఒక ఫోన్‌లో తెర 128 చుక్కల చదరం, ఇంకోదాంట్లో 176 బై 208. ఒకదాంట్లో సౌండ్ వేస్తే గేమ్ ఆగిపోతుంది, మరోదాంట్లో ఎడమ బటన్, కుడి బటన్ తారుమారు. అందుకని ఒకే గేమ్‌ని వందల మోడళ్లకు విడివిడిగా సరిచేసేవాళ్లు. దాన్నే పోర్టింగ్ అనేవాళ్లు. విదేశాల్లో డిజైన్ చేసిన గేమ్స్ మన నగరాలకు పోర్టింగ్ కోసం వచ్చేవి. మా టేబుల్ మీద చార్జర్ల గుట్ట, డ్రాయర్ నిండా ఫోన్లు, ఒక్కోదానికీ స్టిక్కర్ మీద నంబరు. దేశంలో గేమ్ టెస్టింగ్, గేమ్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్న మొదటి తరం చాలావరకు ఈ గుట్టల మధ్య నుంచే వచ్చింది. అయితే సరిచేయడం నేర్చుకున్నాం కానీ, గేమ్ ఎందుకు సరదాగా ఉంటుందో నేర్చుకోలేదు. ఆ లోటు చాలా ఏళ్లు వెంటాడింది.

ఇందులో హైదరాబాద్ వాటా ఏంటి?

ఫ్రాన్స్ గేమ్ కంపెనీ గేమ్‌లాఫ్ట్ ఇక్కడ స్టూడియో పెట్టి వందల మందికి పని నేర్పి, తర్వాత మూసేసింది. అమెరికా గేమ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో ఇప్పటికీ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ కోసం 'ఇమేజ్' పేరుతో ప్రత్యేక పాలసీ తెచ్చింది. దేశంలో గేమ్ డెవలపర్ల పెద్ద జాతర ఐజీడీసీ కొన్నేళ్లు ఇక్కడే జరిగింది. మన ఊరి నుంచి పుట్టిన సొంత గేమ్ చెప్పమంటే నేను మొదట చెప్పేది హిట్‌వికెట్. క్రికెట్ టీమ్ కట్టుకుని నడిపించే గేమ్ అది.

గేమ్స్ రాజధాని అన్న పేరు మాత్రం బెంగళూరు, పుణెలకే ఎక్కువ దక్కుతుంది. అమెరికా గేమ్ కంపెనీ జింగా 2010లో బెంగళూరు వచ్చింది. అక్కడ పనిచేసి బయటికొచ్చిన వాళ్లు సొంత కంపెనీలు పెట్టుకున్నారు. ఒక పెద్ద కంపెనీ ఊళ్లో ఉంటే అది ఇచ్చే జీతాల కంటే, దాంట్లోంచి రాజీనామా చేసి వెళ్లేవాళ్ల వల్ల ఆ ఊరికి ఎక్కువ లాభం అని నా లెక్క.

జియో వచ్చాకే కదా ఇదంతా పెరిగింది?

ఆడేవాళ్లు పెరిగింది అప్పుడే. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. అంతకు ముందు ఒక జీబీ డేటాని నెలంతా పొదుపుగా వాడుకున్న ఇళ్లలో రోజుకో జీబీ ఖర్చవడం మొదలైంది. అదే ఏడాది యూపీఐ వచ్చింది. చౌకగా చైనా ఫోన్లూ అందుబాటులోకి వచ్చాయి. అలా గేమ్ డౌన్‌లోడ్ల లెక్కలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరుసకు చేరింది. చేసేవాళ్లు మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

లూడో కింగ్ నిజంగా ఇండియాదేనా?

నిజంగానే. నవీ ముంబైలోని గేమిషన్ అనే కంపెనీది. దాన్ని పెట్టిన వికాస్ జైస్వాల్ ఒకప్పుడు ఇండియాగేమ్స్‌లో పనిచేశారు. పైన చెప్పిన జావా ఫోన్ల బడి నుంచి వచ్చినవారే అన్నమాట. గేమ్ 2016లో వచ్చింది, 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటికీ చేరింది. అమెరికాలో ఉన్న కొడుకు, రాజమండ్రిలో ఉన్న అమ్మ, ముంబైలో ఉన్న అత్తయ్య ఒకే బోర్డు మీద కూర్చోగలిగారు. కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. మన ఇళ్లలో అష్టాచెమ్మా గవ్వలు వేసినవాళ్లకి పాచికలు ఎవరు నేర్పాలి?

పెద్ద గ్రాఫిక్స్ లేవు, కథ లేదు. తక్కువ రకం ఫోన్‌లోనూ నడుస్తుంది, నెట్ లేకపోయినా పక్కనున్న వాళ్లతో ఆడొచ్చు. మా ఫీల్డ్‌లో చాలామంది దాన్ని చిన్నచూపు చూశారు. నేనూ చూశాను. తప్పు మాదే.

ఇంతమంది ఆడుతుంటే డబ్బెందుకు రాదు?

ఎందుకంటే మనం ఆడతాం, కొనం. ఉచిత గేమ్‌కి ఆదాయం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, లోపల అమ్మే కాయిన్లు, స్కిన్లు (పాత్రలకు కొత్త వేషాలు). మన దగ్గర వీటిని కొనేవాళ్లు చాలా తక్కువ. రెండోది యాడ్లు. 'ముప్పై సెకన్ల వీడియో చూస్తే ఇంకో లైఫ్' అంటారు చూడండి, అలాంటివి. యాడ్ రేటు చూసే మనిషి కొనుగోలు శక్తిని బట్టి ఉంటుంది. న్యూజెర్సీలో ఉన్న మీ మేనకోడలు ఒక యాడ్ చూస్తే వచ్చే సొమ్ము, నల్గొండలో అదే వయసు అమ్మాయి చూస్తే వచ్చేదానికి ఎన్నో రెట్లు.

పైగా వచ్చిన ప్రతి రూపాయిలో స్టోర్ వాటా ఉంటుంది. గూగుల్, యాపిల్ చాలాకాలం 30 శాతం తీసుకున్నాయి. చిన్న డెవలపర్లకు 15 శాతం చేసింది 2021లో. ప్లే స్టోర్‌లో తన బిల్లింగ్ పద్ధతే వాడాలని పట్టుబట్టినందుకు 2022 అక్టోబరులో కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కి 936 కోట్ల రూపాయలు జరిమానా వేసింది. నా ఉద్దేశంలో ఇది పాత ఆపరేటర్ పోర్టల్ కథే, యజమాని మారాడంతే.

మరి మామూలు గేమ్స్‌తో బాగుపడిన వాళ్లు ఎవరూ లేరా?

ఉన్నారు, కానీ వాళ్ల పేర్లు మీరు విని ఉండరు. బెంగళూరులోని ప్లేసింపుల్ ఇంగ్లిష్ పదాల గేమ్స్ చేస్తుంది. ఆడేది ఎక్కువగా అమెరికా వాళ్లు. 2021లో ఎంటీజీ అనే స్వీడన్ కంపెనీ దాన్ని 36 కోట్ల డాలర్లకు కొంది. అదే ఏడాది బెంగళూరులోనే ఉన్న మూన్‌ఫ్రాగ్‌ని స్టిల్‌ఫ్రంట్ అనే ఇంకో స్వీడన్ కంపెనీ 9 కోట్ల డాలర్లకు తీసుకుంది. మూన్‌ఫ్రాగ్‌ది తీన్‌పత్తీ గేమ్, మన మూడు ముక్కలాట. గెలిచినవాళ్లకి నిజం డబ్బు రాదు, కాయిన్లే వస్తాయి. చెన్నైలోని నెక్స్ట్‌వేవ్ వాళ్లు వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్‌ని ఏళ్లతరబడి ఓపిగ్గా పెంచారు. ఉడిపిలాంటి చిన్న ఊళ్లో 99గేమ్స్ ఉంది.

ఒకరు విదేశీయుల కోసం చేశారు, ఒకరు మన పేకముక్కలు పట్టుకున్నారు, ఒకరు క్రికెట్. నాలుగో దారి వెతికేవాళ్లు ఇంకా కష్టపడుతున్నారు. పుణెలోని సూపర్‌గేమింగ్ 2024 అక్టోబరులో ఇండస్ అనే బ్యాటిల్ రాయల్ (చివరికి మిగిలినవాళ్లే గెలిచే పోరు గేమ్) విడుదల చేసింది. పబ్జీ రకం గేమ్‌ని మన దేశంలోనే చేయడమంటే, సర్వర్లు, మోసగాళ్లను పట్టుకునే వ్యవస్థ, వారం వారం కొత్త సరుకు అన్నీ సొంతంగా మోయాలి. ధైర్యమే.

పబ్జీ వల్ల మన పరిశ్రమకి ఏమైనా ఒరిగిందా?

ఒరిగింది, కానీ చేసేవాళ్లకంటే ఆడేవాళ్లకి. 2018లో వచ్చింది. ఫోన్‌లో ఇంత పెద్ద గేమ్ ఆడొచ్చని, దాని కోసం మంచి ఫోన్ కొనొచ్చని మన కుర్రాళ్లకి తెలిసింది. 2020 సెప్టెంబరు 2న చైనా సంబంధం ఉన్న 118 యాప్‌లను నిషేధించారు, వాటిలో ఇదీ ఒకటి. కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2021 జులైలో దాన్నే బీజీఎంఐగా తెచ్చింది. 2022 జులైలో అదీ ఆగిపోయింది, 2023 మేలో తిరిగి వచ్చింది. మధ్యలో టీమ్‌లకు జీతాలిచ్చే వాళ్లు, స్ట్రీమింగ్ మీద బతికే పిల్లలు పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఆ ఖాళీలో 'మన గేమ్' అంటూ 2021 జనవరి 26న ఫౌ-జీ వచ్చింది. వెనకున్నది ఇండియాగేమ్స్ విశాల్ గోండాలే. డౌన్‌లోడ్లు వరదలా వచ్చాయి, జనం నిలబడలేదు. దేశభక్తి గేమ్‌ని ఇన్‌స్టాల్ చేయిస్తుంది, రెండో రోజు మళ్లీ తెరిపించలేదు.

రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా, మరి ఎందుకు మూసేశారు?

చెప్పిన మాట నిజమే. ఆ కేసు పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే అని చాలామందికి తెలియదు. అక్కడి ఒక క్లబ్ మీద పోలీసులు పడ్డారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ అని, 1968 తీర్పుగా లాయర్లు ఉదహరిస్తారు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట, మూడు ముక్కలాటలా కేవలం అదృష్టం కాదు అని కోర్టు అంది. ఈ వాక్యాల మీద అర్ధ శతాబ్దం తర్వాత వేల కోట్ల వ్యాపారం లేచింది.

క్లబ్‌లో నలుగురు కూర్చుని ఆడే రమ్మీకి, అర్ధరాత్రి రెండింటికి మంచం మీద ఒంటరిగా, జీతం పడిన గంటలో ఆడే రమ్మీకి ఉన్న తేడా ఆ తీర్పు రాసినవాళ్లు ఊహించలేరు. అప్పుల పాలైన కుటుంబాల వార్తలు మన జిల్లా ఎడిషన్లలో ఎన్ని చదివామో! తెలంగాణ 2017లోనే తన 1974 గేమింగ్ చట్టాన్ని మార్చి ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. కేంద్రం మాత్రం పన్ను దారిలో వచ్చింది. అంతకు ముందు వంద రూపాయలు వేస్తే, కంపెనీ తీసుకునే ఫీజు పది రూపాయలు అనుకుంటే, దాని మీద 18 శాతం, అంటే రూపాయి ఎనభై పైసలు పన్ను కట్టేవాళ్లు. 2023 అక్టోబరు 1 నుంచి వేసిన వంద మీదే 28 శాతం, అంటే 28 రూపాయలు.

తర్వాత 2025 ఆగస్టులో మొత్తం ఆటే ఆగిపోయింది.

2025 చట్టం ఏం చెబుతుంది?

ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం 2025 ఆగస్టు 20న లోక్‌సభలో, మర్నాడు రాజ్యసభలో నెగ్గింది, 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. మూడు రోజుల పని. నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనే అనవసరం అని ఈ చట్టం తేల్చేసింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించి ఆడేది ఏదైనా నిషేధమే. అలాంటి ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు, యాభై లక్షల వరకు. ఆడినవాళ్లకు శిక్ష లేదు. ఫాంటసీ క్రికెట్ కంపెనీ డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపేసింది, టీమిండియా జెర్సీ మీద పేరూ పోయింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి, వేర్వేరు హైకోర్టుల్లోని కేసులను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

నన్ను ఏ పక్షమో చెప్పమంటే, ఆ ఆటలు పోయినందుకు నాకు బాధ లేదు. వాటిలో పనిచేసిన ప్రోగ్రామర్లు, డిజైనర్లు రోడ్డున పడినందుకు ఉంది. ఇంకో బాధ కూడా ఉంది. ఇన్నేళ్లూ పెట్టుబడిదారులు మామూలు గేమ్ పట్టుకుని వెళ్లినవాళ్లని 'ఇందులో రియల్ మనీ ఉందా?' అని అడిగారు. లేదంటే కాఫీ తాగించి పంపారు. మంచి గేమ్స్‌కి రావాల్సిన డబ్బూ, మనుషులూ పదేళ్లు అటు పోయాయి.

అయినా ఇంకా రమ్మీ, బెట్టింగ్ లింకులు వస్తున్నాయి కదా?

అవి విదేశాల నుంచి నడిచేవి. టెలిగ్రామ్ లింకుతో, ఏపీకే ఫైల్‌గా (ప్లే స్టోర్ బయటి నుంచి ఫోన్‌లో వేసుకునే యాప్) వచ్చేది ఏదైనా సరే, ముట్టుకోకండి. డబ్బు పోతే అడిగే చిరునామా ఉండదు.

ఈ-స్పోర్ట్స్ కూడా నిషేధమా?

కాదు. అదే చట్టం దాన్ని విడిగా గుర్తించింది. 2022 డిసెంబరు నుంచి ఈ-స్పోర్ట్స్ కేంద్ర క్రీడల శాఖ కిందికి వచ్చింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు మన ఆటగాడు తీర్థ్ మెహతా కార్డులతో ఆడే హార్త్‌స్టోన్‌లో కాంస్యం తెచ్చాడు. కానీ ఈ-స్పోర్ట్స్‌లో జీతం మీద బతికేవాళ్లు చాలా కొద్దిమంది. చదువు మానేసి ఇందులోకి దిగుతానంటే, గల్లీ క్రికెట్ ఆడేవాళ్లలో ఎంతమంది రంజీకి వెళ్తారో ఆ లెక్క ఒకసారి వేసుకోమనండి.

తెలుగులో గేమ్స్ ఎందుకు ఇంత తక్కువ?

ఆడేవాళ్లు లేక కాదు. మొదటి అడ్డంకి యాడ్ రేట్లు, పైన చెప్పాను. రెండోది వింటే నవ్వొస్తుంది: అక్షరాలు. మన దగ్గర ఎక్కువ మొబైల్ గేమ్స్ యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. అందులో అందరూ వాడే టెక్స్ట్ వ్యవస్థకి ఒత్తులు, గుణింతాలు కలపడం రాదు. 'స్త్రీ' అని రాస్తే సకారం ఒకచోట, తకారం ఇంకోచోట, రకారం, దీర్ఘం ఎక్కడో పడేవి. మేము చాలాసార్లు తెలుగు మాటలన్నిటినీ ఫొటోషాప్‌లో రాసి బొమ్మలుగా పెట్టాం. ఒక మాట మారిస్తే మళ్లీ బొమ్మ. చివరికి మేనేజర్ 'హిందీ, ఇంగ్లిష్ చాల్లే' అనేవాడు, హిందీకీ అదే తిప్పలని తెలియక. గోడో 4 అనే ఇంకో గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఈ సమస్య లేదు, తెలుగు శుభ్రంగా కూర్చుంటుంది.

మూడోది మన ఊహ. తెలుగు గేమ్ అనగానే సినిమా హీరో బొమ్మ పెట్టి పరుగెత్తించడమే గుర్తొస్తుంది నిర్మాతలకి. సినిమా ఆడినన్నాళ్లే ఆ గేమ్. పులి-మేక ఆటనో, వామనగుంటలనో బుర్ర పెట్టి మంచి ఫోన్ గేమ్‌గా మలిస్తే ఆడనిదెవరు?

ఒక్కడినే గేమ్ చేసి స్టోర్‌లో పెట్టగలనా? ఎంత ఖర్చు?

పెట్టగలరు. గోడో, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ పూర్తిగా ఉచితం. యూనిటీ కూడా చిన్న ఆదాయం ఉన్నంతవరకు ఉచితమే. గూగుల్ ప్లే ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచేవాళ్లకి గూగుల్ ఒక మెలిక పెట్టింది: విడుదలకు ముందు కనీసం 12 మందితో వరసగా 14 రోజులు టెస్ట్ చేయించాలి. మీ హాస్టల్ మేట్స్‌ని ముందే బతిమాలుకోండి, మధ్యలో డిలీట్ చేయొద్దని మరీ మరీ చెప్పండి.

అసలు ఖర్చు ఆ తర్వాత ఉంటుంది. స్టోర్‌లో పెట్టగానే ఎవరూ చూడరు. యాడ్లు ఇచ్చి ఆడేవాళ్లని తెచ్చుకోవాలి. ఒక మనిషిని తెచ్చుకోవడానికి పెట్టిన ఖర్చు కంటే, ఆ మనిషి మీ గేమ్‌లో ఉన్నంతకాలం ఇచ్చే ఆదాయం ఎక్కువైతేనే కంపెనీ నిలుస్తుంది. ఈ ఒక్క లెక్క తేలక మూతపడిన స్టూడియోలు నాకు తెలిసినవే అరడజను.

మా అమ్మాయి ఇంజనీరింగ్ అయ్యాక గేమ్స్‌లోకి వెళ్తానంటోంది. పంపమంటారా?

ఆమె చేసిన గేమ్ ఏదైనా ఉందా అని ముందు అడగండి. చిన్నదైనా పర్లేదు, పూర్తయ్యి ఉండాలి. ఇంటర్వ్యూలో నేను సర్టిఫికెట్ చూడను, ఫోన్ ఇవ్వమంటాను. ఆమె గేమ్ అందులో తెరిచి, నా చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా చూస్తూ కూర్చోగలిగితే సగం పాసైనట్టే. ఎక్కడ చిరాకుపడ్డానో తనే గమనించి 'సార్, ఆ రెండో లెవెల్ మారుస్తాను' అంటే ఆ రోజే ఆఫర్ లెటర్ ఇస్తాను. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీల కంటే పెద్ద గొప్పగా ఉండదు, కంపెనీ మారాల్సి రావడం మాత్రం తరచుగా ఉంటుంది. నేను ఇప్పటికి ఐదు మారాను.